గర్ల్ స్కౌట్ గోల్డ్ అవార్డుకి పుస్తకాలు పోగుచేసి ఇస్తే సరిపోతుందా, పేరెంట్స్ ఎంతవరకు చెయ్యొచ్చు?

మీ పాప తొమ్మిదో గ్రేడ్, గోల్డ్ అవార్డుకి ఒక స్కూలుకి పుస్తకాలు పోగుచేసి ఇద్దామనుకుంటోంది అన్నారు కదా, అయితే టైముంది, కంగారేం లేదు. (గోల్డ్ అంటే హైస్కూల్ అమ్మాయిలు ఊరికి పనికొచ్చే సొంత ప్రాజెక్ట్ చేస్తే గర్ల్ స్కౌట్స్ సంస్థ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద అవార్డు.) ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి చేసింది, తర్వాత వాళ్ళ ట్రూప్‌లో (అంటే వాళ్ళ స్కౌట్ గ్రూపులో) ఇంకొంతమంది పిల్లలు చేస్తుంటే దగ్గరుండి చూశా, అందుకే చెప్తున్నా.

ఒట్టి పుస్తకాలు పోగుచేసి స్కూలుకి ఇచ్చేస్తాం అంటే కౌన్సిల్ (గర్ల్ స్కౌట్స్ లోకల్ ఆఫీసు) కమిటీ మామూలుగా ఒప్పుకోదు. అక్కడ పిల్లలు ఎందుకు చదవట్లేదు, నువ్వు కాలేజీకి వెళ్ళిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు, మార్పు వచ్చిందని ఎలా చూపిస్తావు, ఇవే అడుగుతారు. గోల్డ్‌కి కనీసం 80 గంటలు అని చెప్తారు (దానికి కింది అవార్డు సిల్వర్‌కి 50), కానీ గంటలు నింపడం పెద్ద కష్టం కాదండి, ఆ మూడు ప్రశ్నలకి జవాబు దొరకడమే కష్టం. ఇంకోటి, గర్ల్ స్కౌట్ పేరు మీద వేరే సంస్థకి చందాలు వసూలు చెయ్యకూడదు, మనవాళ్ళు చాలామంది ముందు ఆలోచించేది అదే మరి!

మా అమ్మాయి లైబ్రరీలో పెద్దవాళ్ళకి స్మార్ట్‌ఫోన్ నేర్పిద్దాం అని మొదలుపెట్టింది, ఏవో యాప్‌లు చూపిద్దామని స్లైడ్లు చేసుకుని వెళ్తే వాళ్ళకి కావాల్సింది అది కాదు, ఈ మెసేజ్ నిజమా మోసమా, బ్యాంకు వాళ్ళమని ఫోన్ చేస్తే ఏం చెయ్యాలి, అందరూ అదే అడిగారు. దాంతో స్లైడ్లన్నీ పక్కన పెట్టేసి మోసాల మీదే క్లాసు తయారుచేసుకుంది, చిన్న క్లాసుల పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి ఒక్కో పెద్దాయన పక్కన ఒకర్ని కూర్చోబెట్టింది, చివరికి ఆ మెటీరియల్ లైబ్రరీ వాళ్ళే తీసుకుని నడుపుతామన్నారు. కమిటీకి బాగా నచ్చింది ఆ ఆఖరి ముక్కే.

పేరెంట్స్ సంగతికొస్తే, కార్లో దింపండి, సామాన్లు మొయ్యండి, అంతే. ఈమెయిళ్ళు మీరు రాయొద్దు, లైబ్రేరియన్‌తో మీరు మాట్లాడొద్దు. తనే ఫోన్ చెయ్యాలి, వాళ్ళు కుదరదంటే తనే ఇంకో చోట అడగాలి. ప్రాజెక్ట్ అడ్వైజర్‌గా కూడా ఆ సబ్జెక్ట్ తెలిసిన బయటివాళ్ళని పెట్టుకోవాలి, అమ్మానాన్న కాదు. మనవాళ్ళిళ్ళల్లో ఇదే కష్టం అనుకోండి, సైన్స్ ఫెయిర్ చార్టు కూడా మనమే అతికిస్తాం కదా.

కొంతమంది ఈగిల్ స్కౌటే (బాయ్ స్కౌట్స్ అని పిలిచే సంస్థలో అన్నిటికన్నా పెద్ద ర్యాంకు) బెటర్ అంటారు, 2019 నుంచి అమ్మాయిలు ఆ స్కౌట్స్‌లో కూడా చేరొచ్చు. ఈగిల్‌కి 21 మెరిట్ బ్యాడ్జిలు (ఒక్కో విషయం నేర్చుకున్నందుకు ఇచ్చేవి) కావాలి, ప్రాజెక్టుకి ఇన్ని గంటలని లేదు గానీ వేరేవాళ్ళని నడిపించినట్టు కనపడాలి, అన్నీ 18 నిండేలోపు అయిపోవాలి. ఇప్పటికే గర్ల్ స్కౌట్స్‌లో ఉంటే కాలేజీ అప్లికేషన్ కోసం దాంట్లోకి మారడం అనవసరం అని నా అభిప్రాయం.

పుస్తకాల ఐడియా వదిలెయ్యక్కర్లేదు. ముందు ఆ స్కూలు టీచర్‌తో మీ పాపనే మాట్లాడమనండి, నిజంగా కావాల్సింది పుస్తకాలా, లేక సాయంత్రం పక్కన కూర్చుని చదివించే మనుషులా అని. ప్రపోజల్ అప్రూవ్ అయ్యేదాకా మాత్రం డబ్బాలు సర్దడం మొదలుపెట్టకండి.