తేనెటీగల గుంపు తీసినందుకు డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: కోనసీమలో మా కొబ్బరి తోటలో కొన్నేళ్లుగా పుట్టతేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాను. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్లలో తెలియడంతో, ఇంటి ముందు చెట్టుకు తేనెటీగలు పట్టాయి, వచ్చి తీయండి అని తరచూ ఫోన్లు వస్తున్నాయి. పని మానుకుని వెళ్లినా పెట్రోలు ఖర్చు అడగడానికి మొహమాటంగా ఉంటోంది. "ఈగలూ మీకే, తేనే మీకే, మళ్లీ డబ్బులెందుకు?" అని ఈ మధ్య ఒకాయన అన్నారు. ఆయన మాట న్యాయమేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర

జవాబు: ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. అది ఎంతవరకో తేలాలంటే, చెట్టుకు వేలాడుతున్నది దారిలో ఆగిన గుంపా, కాపురం పెట్టిన తేనెపట్టా అన్నది ముందు చూసుకోవాలి. పూత బాగా ఉన్న రోజుల్లో ఈగలు కిక్కిరిసిపోయినప్పుడు పాత రాణి ఈగ దాదాపు సగం కూలి ఈగలను వెంటబెట్టుకుని బయటికి వచ్చి ఏ కొమ్మ మీదో వాలుతుంది. కడుపునిండా తేనె తాగి బయల్దేరిన ఆ ఈగలకు కాపాడుకోవలసిన పిల్లలు గానీ, తేనె నిల్వ గానీ ఉండవు కాబట్టి అవి మామూలుగా అంత తొందరగా కుట్టవు. చేతికందే ఎత్తులో ఉంటే కింద పెట్టె పట్టుకుని కొమ్మను ఒక్కసారి గట్టిగా దులిపితే చాలు. రాణి లోపల పడిందంటే, కూలి ఈగలు ద్వారం దగ్గర నిలబడి తోక పైకెత్తి, రెక్కలాడిస్తూ మిగిలినవాటిని పిలుస్తాయి. చీకటి పడ్డాక పెట్టె మూసి తీసుకుపోవచ్చు. ఈగలతో సహా పెట్టె కొనాలంటే వేలల్లో అవుతుంది గనుక, ఇలాంటి చోట రానుపోను ఖర్చుకు మించి అడగకపోవడమే మర్యాద. ఆ ఖర్చు అడగడానికి మాత్రం మొహమాటం అక్కర్లేదు.

అలాగని దొరికిన ప్రతి గుంపూ లాభమేనని చెప్పలేం. 1991–92లో పిల్లపురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ సోకి కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పుట్టతేనెటీగల పెట్టెలు చాలావరకు ఖాళీ అయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని గుంపును కొన్ని వారాలు మీ పెట్టెలకు దూరంగా ఉంచి, పిల్లపురుగులు ఆరోగ్యంగా ఉన్నాయని చూసుకున్నాకే తోటలోకి తేవాలి. "ఈగలూ మీకే" అన్నవారికి ఈ శ్రమ కనపడదు.

గోడ సందులోనో, అటక మీదో స్థిరపడిన పట్టు సంగతి వేరు. పిల్లలున్న పట్టును చెదరకుండా కోసి, చట్రాలకు అరటినారతో కట్టి, రాణిని వెతికి పెట్టెలోకి చేర్చడానికి పూట పడుతుంది. కుట్లు తప్పవు; గోడ పగలగొట్టవలసి వస్తే మేస్త్రీ కూడా కావాలి. దీనికి కూలి తీసుకోవడం పూర్తిగా న్యాయం. అయితే ఆ మొత్తం, మందు కొట్టి ఈగలను చంపేవాడు అడిగేదానికంటే బాగా ఎక్కువైతే ఇంటివాళ్లు అతన్నే పిలుస్తారు, లేదా రాత్రివేళ కాగడా పెడతారు. బతికున్న ఈగలను తరలించడానికే మీరు వస్తారని, చంపడానికి ఎంత ఇచ్చినా రారని ముందే చెప్పండి. నిజంగా ఇచ్చుకోలేని ఇంట్లో ఉచితంగానే చేయండి.

నీళ్ల ట్యాంకులకూ, ఎత్తైన మేడలకూ పట్టే కొండతేనెటీగల జోలికి మాత్రం ఎంత డబ్బు ఇస్తామన్నా వెళ్లకండి. అవి పెట్టెల్లో పెరగవు, మూకుమ్మడిగా కుడితే ప్రాణం పోతుంది. ఎవరికీ ఇబ్బంది లేని చోట వాటిని కదపకుండా వదిలేస్తే, కాలం మారాక సాధారణంగా అవే వలస పోతాయి. బడి లాంటి చోట తప్పనిసరైతే, తగిన దుస్తులూ అనుభవమూ ఉన్నవారినే పిలవమనండి. వారు ఎక్కువ తీసుకున్నా అది ప్రమాదానికి తగ్గ కూలే.

ఫోన్ రాగానే ఫొటో పంపమని, ఎత్తు ఎంతో, ఎన్నాళ్లుగా ఉన్నాయో అడిగి, ఎంతవుతుందో అప్పుడే చెప్పేయండి. పుట్టతేనెటీగలు కొత్త పెట్టెలో నిలవకుండా లేచిపోవడం మామూలే. డబ్బు తీసుకున్నాక, అవి వారం లోపల మళ్లీ ఆ ఇంటికే చేరితే రెండోసారి డబ్బు తీసుకోకుండా వెళ్లి తీసుకురండి.