బైపోలార్ ఉన్న తమ్ముడికి అండగా ఉండటం ఎలా?

మీ తమ్ముడికి బైపోలార్ (మనసు కొన్నాళ్లు మితిమీరిన హుషారులోకి, కొన్నాళ్లు తీవ్రమైన దిగులులోకి ఊగే జబ్బు) అని తేలిందనీ, ఇంట్లో ఎలా మెలగాలో, బంధువులకి ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశారు. మా అక్కకి చాలా ఏళ్లుగా ఈ జబ్బు ఉంది. తన పక్కనుండి తెలుసుకున్నవి చెప్తాను.

తమ్ముడు నిలకడగా ఉన్న రోజుల్లోనే కూర్చుని మాట్లాడుకోండి. మేనియా (హుషారు హద్దు దాటి, నిద్ర తగ్గి, ఖర్చులు అదుపు తప్పే దశ) మొదలయ్యాక 'నీకు బాలేదు' అంటే ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే చాలామందికి అప్పుడే అన్నిటికంటే బాగున్నట్టు అనిపిస్తుంది. ఏ గుర్తులు కనిపిస్తే మేం డాక్టరుకి ఫోన్ చేయొచ్చు, ఏ మందు తనకి పడలేదు, ఏటీఎం కార్డు ఎవరికివ్వాలి, ఎవరు చెప్తే వింటుంది, ఇవన్నీ మా అక్క తనే రాసి సంతకం పెట్టింది. తర్వాత కార్డు అడిగితే కోప్పడింది, అయినా ఇచ్చింది. తన మాటే కదా.

ముందుగా చూడాల్సింది నిద్ర. నిద్రపట్టక నీరసపడటం వేరు. రెండు మూడు గంటలే పడుకుని హుషారుగా తిరుగుతుంటే జాగ్రత్తపడాలి. అలాగని నవ్వినా, విసుక్కున్నా 'మందు వేసుకున్నావా?' అనకండి. అక్కని బాగా నొప్పించే ప్రశ్న అది.

డిప్రెషన్‌లో ఉంటే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యసాయం అందేలా చూడండి. కొత్త డాక్టరుకి బైపోలార్ సంగతి తప్పక చెప్పాలి, యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ తగ్గించే మందు) ఒక్కటే వాడితే కొందరిలో మేనియా ఎగదన్నుతుంది.

'బాగానే ఉన్నాడుగా, ఇంకా మందులెందుకు' అనే బంధువులు ఎదురవుతారు. బైపోలార్‌కి వాడే లిథియం అనే మందు హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని గట్టిగా చెప్పండి. అది వాడేవాళ్లకి రక్తంలో దాని స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు మానకూడదు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకున్నా ఆ స్థాయి పెరగొచ్చు.

జబ్బు గురించి ఎవరికి ఎంత చెప్పాలో మాత్రం తమ్ముడే తేల్చుకోవాలి. 'పిచ్చి' అన్నవాళ్లని తను ఎదుట లేకపోయినా అక్కడే ఆపండి. డాక్టరు తనని వదిలేసి మీతోనే మాట్లాడుతుంటే 'తననే అడగండి' అనండి.

అక్క ఆఫీసులో నైట్ షిఫ్టులు తీసేయమని అడగడానికి నేను తోడు వెళ్లాను, మాట్లాడింది తనే. డాక్టరు చీటీలో జబ్బు పేరు లేకుండా, రాత్రి నిద్ర చెడకూడదని మాత్రమే రాయించుకుంది. వాళ్లు ఒప్పుకున్నారు. మీ తమ్ముడికీ షిఫ్టులు ఉంటే ముందు ఆ పని చూడండి.