పింగళి నాగేంద్రరావు ఎవరు? ఆయన మాటల్లో అంత ప్రత్యేకత ఏముంది?

'మాయాబజార్' చూసినవాళ్లకు పేరు తెలియకపోయినా పింగళి తెలిసినట్టే. ఆయన 1901లో పుట్టారు. బందరులో పెరిగి, ముందు నాటకాలు రాశారు. సినిమాల్లో కుదురుకునేసరికి నలభై అయిదు దాటాయి. ఆయన నాటకం 'వింధ్యరాణి' 1948లో సినిమాగా వచ్చింది. మరుసటేడు 'గుణసుందరి కథ'. అక్కడి నుంచి దర్శకుడు కె.వి.రెడ్డితో జోడీ కుదిరింది. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) అలా వచ్చినవే. మాటలే కాదు, పాటలూ ఆయనవే. 'మిస్సమ్మ'కు మాత్రం మాటలు చక్రపాణివి, పాటలు పింగళివి. చాలామంది ఇక్కడ పొరబడతారు.

ఇక ప్రత్యేకత. మనం మాట్లాడేటప్పుడు 'కంబళి గింబళి', 'తల్పం గిల్పం' అంటాం కదా, ఆ రెండో మాటకు అర్థం ఉండదు. 'మాయాబజార్'లోని రాక్షసుల దగ్గర పింగళి ఆ గింబళిని, గిల్పాన్ని నిజం వస్తువులు చేసేశారు! అలాగే 'అస్మదీయులు' అంటే మనవాళ్లు, అది అసలైన సంస్కృతం. దానికి జోడీగా పరాయివాళ్లను 'తస్మదీయులు' అనిపించారు. వ్యాకరణం ఒప్పుకోదు, చెవి మాత్రం వెంటనే ఒప్పుకుంటుంది. ఇప్పటికీ పేపర్లలో రాజకీయ వార్తలకు ఆ మాటే వాడుతున్నారు. నాకైతే ఏ అవార్డుకన్నా అదే పెద్దదనిపిస్తుంది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 'లాహిరి లాహిరి లాహిరిలో' రాసింది ఒక బ్రహ్మచారి అంటే నమ్మబుద్ధి కాదు. 1971లో కన్నుమూశారు.