బహుపదుల భాగహారం: మనుమరాలికి ఉత్తరం

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన నోటుబుక్కు ఫోటోలు చూశాను. పద్ధతి నీకు వచ్చు. చోటు వదలకపోవడం వల్లే లెక్క తప్పుతోంది.

‘ఎక్స్ ఘనం − 7ఎక్స్ + 10’ని ‘ఎక్స్ − 2’తో భాగించాలి. భాజ్యంలో ఎక్స్ వర్గం కనబడలేదని, ఘనం పక్కనే −7ఎక్స్ రాసేశావు. వెయ్యీ యాభై రెండులో వందలు లేవు కదా అని 152 అని రాస్తావా? ఇక్కడా మధ్యలో ‘0 ఎక్స్ వర్గం’ వేసుకో. పెద్ద ఘాతం నుంచి చిన్న ఘాతానికి వరుసగా, ఒకదాని కింద ఒకటి పడేలా రాయి. కాగితం పొదుపు ఈ అధ్యాయంలో పనికిరాదు.

మొదటి పదాన్ని మొదటి పదంతోనే భాగించు. −2 జోలికి అప్పుడే పోకు. ఎక్స్ వర్గం వస్తుంది. దానితో భాజకం మొత్తాన్ని గుణిస్తే ‘ఎక్స్ ఘనం − 2 ఎక్స్ వర్గం’. ఇప్పుడు తీసివేత. పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే: మొదటి గుర్తు మార్చి రెండోది మరిచిపోతారు. వరుసలోని గుర్తులన్నీ పెన్సిలుతో మార్చి, ఆ తర్వాత కూడు. సున్నాకు 2 కలిసి ‘2 ఎక్స్ వర్గం’ మిగలాలి. నీకు −2 వచ్చింది, చూసుకో. అక్కడి నుంచి ఇదే తంతు: 2ఎక్స్, ఆపైన −3. శేషం 4. భాజకం కన్నా శేషం పరిమాణం, అంటే ఎక్స్ పెద్ద ఘాతం, తగ్గగానే ఆగిపోవాలి.

సరిచూడటానికి శేష సిద్ధాంతం ఉంది: ‘ఎక్స్ − 2’తో భాగిస్తే వచ్చే శేషం, భాజ్యంలో ఎక్స్‌కు 2 పెడితే వచ్చే విలువే. ఎక్స్ స్థానంలో 2 పెట్టు: 8 − 14 + 10 = 4. భాగఫలం కూడా సరైనదో కాదో తేలాలంటే మాత్రం దాన్ని భాజకంతో గుణించి శేషం కలపాల్సిందే.

ట్యూషన్‌లో హార్నర్ పద్ధతి (ఎక్స్‌లు రాయకుండా గుణకాలతోనే చేసే పొట్టి భాగహారం) చెప్పారట. చకచకా అయిపోతుంది, కాదనను. కానీ మీకు చెప్పిన రూపం ‘ఎక్స్ − 2’ లాంటి భాజకాలకే నేరుగా సరిపోతుంది. ‘2ఎక్స్ − 1’ వస్తే, ఎక్స్‌కు అర పెట్టి చేశాక భాగఫలాన్ని 2తో భాగించాలి, శేషాన్ని ముట్టుకోకూడదు. అది గుర్తుండక తికమకపడేవాళ్లే ఎక్కువ. ముందు పొడవు పద్ధతి చేతికి రానీ.

ఆదివారంలోగా ఇది చెయ్యి: ‘ఎక్స్ నాలుగో ఘాతం + 4’ని ‘ఎక్స్ వర్గం + 2ఎక్స్ + 2’తో భాగించు. భాజ్యంలో మూడు చోట్ల సున్నాలు నింపాలి. శేషం సున్నా రావాలి. రాకపోతే చెరిపేయకుండా, తీసివేత వరుసలన్నీ కనబడేలా ఫోటో తీసి పంపు.

మీ తాతయ్య