జాతి కుక్కల పెంపకం: అబ్బాయి లెక్కలోకి రాని ఖర్చులు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గరి పల్లె. మావారు రొయ్యల చెరువులు చేస్తారు. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేశాడు. డిగ్రీ వద్దు, లాబ్రడార్ కుక్కలను పెంచి పిల్లలను అమ్ముతానంటున్నాడు. రెండు ఆడకుక్కలు, ఏడాదికి రెండేసి ఈతలు, ఈతకు ఎనిమిది పిల్లలు, పిల్లకు 15,000 చొప్పున ఏడాదికి 4,80,000 రూపాయలు వస్తాయని లెక్కవేసి చూపించాడు. చెరువు పట్టుబడి డబ్బు రాగానే మూడు లక్షలు ఇమ్మంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి లెక్కను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ‘ఏడాదికి రెండేసి ఈతలు’ దగ్గరే ఆగిపోయాను. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆడకుక్కకు 18 నెలలు నిండాకే జత కలపాలి. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో ఐదుకు మించకూడదు. పిల్లలకు ఎనిమిది వారాలు నిండనిదే అమ్మకూడదు. ఇవన్నీ చేయడానికి ముందు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించుకోవాలి. అంటే 4,80,000 అక్కడికక్కడే సగమైంది.

ఆ సగం కూడా రెండేళ్ల తర్వాతి మాట. ఇవాళ కొన్న కూన తల్లి కావడానికి అంత కాలం పడుతుంది. పెరిగిన లాబ్రడార్‌కు రోజుకు 350 గ్రాములకు తగ్గకుండా మేత కావాలి. కిలో 300 రూపాయలనుకున్నా నెలకు మూడు వేల పైమాటే. రెండు కుక్కలకు రెండేళ్లకు సుమారు లక్షన్నర, ఒక్క పిల్లయినా పుట్టక ముందే. టీకాలు, నులిపురుగుల మందులు, మన తేమ నేలల్లో ఏడాది పొడవునా వదలని గోమార్లకు మందులు వేరే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని మీకంటే మీవారు తేలిగ్గా అర్థం చేసుకుంటారు. చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లలను, వదిలే ముందు ఆయన దాన్ని వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్షకు పంపిస్తారు కదా. పైకి చలాకీగా ఈదుతున్న పిల్లలోనూ తెల్లమచ్చ వైరస్ ఉండవచ్చని ఆయనకు తెలుసు. లాబ్రడార్ జాతికి తుంటి కీలు సరిగా అమరని జబ్బు ఉంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుంది. చక్కగా పరుగెత్తే కుక్కలో కూడా అది దాగి ఉండవచ్చు. అందుకే రెండేళ్ల వయసులో మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీయించి, తుంటి బాగున్న కుక్కలనే జత కలపాలి. బాగోలేదని తేలితే ఆ కుక్కతో ఎప్పటికీ పిల్లలను పెట్టించకూడదు. రెండేళ్లు మేపిన తర్వాత ఆ మాట విని, దాన్ని ఇంటి కుక్కగానే ఉంచుకునే నిబ్బరం మీ అబ్బాయికి ఉందా? నన్నడిగితే ఈ వృత్తికి అర్హత పరీక్ష అదే. కెన్నెల్ క్లబ్ పత్రాలున్నాయి కదా అని అతను అనవచ్చు. ఆ పత్రం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. పరీక్ష తప్పించుకుంటే ఆ నొప్పి ఎవరో కొనుక్కున్న ఇంట్లో, పిల్లలు ముద్దుచేసే కుక్క మోస్తుంది.

కాన్పు సంగతి కూడా చెప్పాలి. చూలు సుమారు 63 రోజులు. చివరి వారం రోజూ ఒంటి వేడి చూసుకోవాలి. అది 99 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గిందంటే సాధారణంగా ఒక రోజులో నొప్పులు మొదలవుతాయి. పిల్ల అడ్డం తిరిగితే, నొప్పులొచ్చి గంటలు గడిచినా పిల్ల బయటికి రాకపోతే ఆపరేషన్ అవసరం కావచ్చు. మీ చుట్టుపక్కల పశువైద్యులు ఎక్కువగా గేదెలు చూసేవారే. గన్నవరం పశువైద్య కళాశాల వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలో, ఏ బండి సిద్ధంగా ఉందో ముందే తేల్చుకోవాలి. పుట్టిన కూనలు మొదటి రెండు వారాలు ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు. తల్లి పాలివ్వకపోతే రెండు మూడు గంటలకొకసారి సీసాతో పట్టాలి, రాత్రిళ్లు కూడా. మా స్నేహితుడి ఇంట్లో తొమ్మిది కూనల్లో మూడు మొదటి వారంలోనే పోయాయి. ఒకటి నా అరచేతిలోనే చల్లబడింది. పన్నెండేళ్లయినా ఆ బరువు నాకు గుర్తుంది.

పార్వో అనే వైరస్ జబ్బు వస్తే ఈత మొత్తం రెండు మూడు రోజుల్లో తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. చెరువుకు జబ్బొస్తే నీళ్లు తీసి, ఎండబెట్టి, బ్లీచింగ్ చల్లి ఆగినట్టే ఇక్కడా ఆగాలి. అన్నాళ్లూ ఆదాయం ఉండదు, మేత ఖర్చు మాత్రం ఉంటుంది.

అమ్ముడుపోని పిల్లలు నాలుగో నెలకు ఇంట్లోనే పెద్దవవుతాయి. కొన్నవారు పోషించలేక తిరిగి తెస్తే తీసుకోవాలి. అవి రోడ్డున పడితే పుట్టించినవాడిదే పాపం. ఎనిమిదేళ్లు దాటిన ఆడకుక్కతో జత కట్టించకూడదు, కానీ అది ఇంకో నాలుగేళ్లు మీ గుమ్మంలో బతుకుతుంది. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఎవరో ఒకరు మీరే అవుతారని నా భయం.

అయినా అబ్బాయి ఇష్టాన్ని కొట్టిపారేయకండి. జంతువులపై మనసున్న బైపీసీ పిల్లవాడు దొరకడం మామూలు విషయం కాదు. పశువైద్య డిగ్రీ ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న గన్నవరం కళాశాల మీకు దగ్గర. అఖిల భారత కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో వస్తాయి. రాష్ట్ర సీట్లకు విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రకటన చూసుకోండి. చదువు వద్దని గట్టిగా అంటే ఏదైనా పశువైద్యుడి క్లినిక్‌లో ఆరు నెలలు సహాయకుడిగా చేయమనండి.

డబ్బు మాత్రం ఇప్పుడు ఇవ్వకండి. ఒక్క కుక్కను పెంచుకోనివ్వండి, జత కలపడానికి కాదు. తెల్లవారుజామున బయటికి తిప్పడం, గోమార్లు ఏరడం, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం అతనే చేయాలి. ప్రతి ఖర్చూ ఒక పుస్తకంలో రాయమనండి. ఏడాది నిండాక ఆ పుస్తకంతో పాటు అతన్నే నా దగ్గరికి పంపండి. లెక్క మళ్లీ మొదటి నుంచి వేద్దాం.