దేవుణ్ణి నమ్మని అబ్బాయి, స్కౌట్ ఫారం మీద సంతకం: సమాధానం

మీ 12 ఏళ్ల అబ్బాయి దేవుణ్ణి నమ్మనంటున్నాడు, అమెరికాలో స్కౌట్స్ (పిల్లల క్యాంపింగ్, సేవా సంస్థ; ఇప్పటి పేరు స్కౌటింగ్ అమెరికా) వాళ్ళు ఇచ్చే, దేవుడి పట్ల బాధ్యత ఉందని ఒప్పుకునే ఫారం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేయాలా అని అడిగారు. పెట్టకండి. పెడితే అబద్ధం ఆ ఒక్క రోజుతో ఆగదు. మొదటిది తప్ప ప్రతి ర్యాంకుకూ దేవుడి పట్ల తన బాధ్యత ఎలా నిర్వర్తించాడో వాడు పెద్దల ముందు చెప్పాలి. ఆ టెన్షన్ పడేది మీరు కాదు, వాడు.

అయితే ముందు వాడితో తీరిగ్గా మాట్లాడండి. ఆ సంస్థ ఫలానా మతమే ఉండాలనదు, గుడికో చర్చికో వెళ్ళాలనదు. హిందువులు, బౌద్ధులు కూడా సభ్యులే. వాడు కాదంటున్నది పూజలనా, దేవుడనే భావననే కాదంటున్నాడా? మొదటిదైతే నిశ్చింతగా చేర్చండి. రెండోదైతే ట్రూప్ (స్థానిక స్కౌట్ బృందం) లీడర్‌ని కలిసి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన సర్దుకుపొమ్మన్నా, నియమం మారదని మాత్రం గుర్తుంచుకోండి. కోర్టు దారి కూడా కష్టమే: 1998లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇలాంటి కేసులో స్కౌట్స్ పక్షానే తీర్పిచ్చింది.

బ్రిటన్ స్కౌట్స్‌లో 2014 నుంచి నమ్మకం లేని పిల్లలకు వేరే ప్రమాణం ఉంది. అమెరికా గర్ల్ స్కౌట్స్‌లో 1993 నుంచే ప్రమాణంలో దేవుడి బదులు తమకు తగిన మాట వాడుకోవచ్చు. స్కౌటింగ్ అమెరికాలో ఆ వెసులుబాటు లేకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

వాడికి కావలసింది క్యాంపింగ్, స్నేహితులే అయితే 4-హెచ్ అనే పిల్లల, యువకుల క్లబ్బులు చూడండి. అక్కడ మత విశ్వాసం అడగరు. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (విశ్వవిద్యాలయం తరఫున స్థానికంగా పనిచేసే కార్యాలయం) వివరాలు చెబుతారు.