38 ఏళ్లకే ఏటా మామోగ్రామ్ అవసరమా?

హైదరాబాద్‌లో ఉంటున్న, ఏ లక్షణమూ లేని, కుటుంబంలో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ రాని 38 ఏళ్ల మహిళ ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోవాలా అన్నది ప్రశ్న. సాధారణంగా అవసరం లేదు. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది కనుక ఉన్నది తప్పిపోవచ్చు, లేనిదానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) దాకా వెళ్లవలసి రావచ్చు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి ఇచ్చినంత మాత్రాన అది అవసరమైన పరీక్ష అయిపోదు.

మన జాతీయ కార్యక్రమం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో చేసే పరీక్షను సూచిస్తోంది. మూడు వేళ్ల మెత్తని భాగాలతో చిన్న చిన్న వలయాలుగా తడుముతూ, కాలర్ ఎముక నుంచి రొమ్ము కింది వరకూ, చంక లోపలి దాకా చూస్తారు. ఇది కేవలం పేదరికపు సర్దుబాటు కాదు: ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మందికి పైగా మహిళలతో రెండు దశాబ్దాలు నడిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేసిన వర్గంలో, 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు.

గడ్డ చేతికి తగిలినా, చనుమొన లోపలికి లాగినట్టున్నా, రక్తం కారినా అది స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారికి చేసే ముందస్తు పరీక్ష) విషయం కాదు. నొప్పి లేదు కదా, పండగ వెళ్లాక చూద్దామని ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చి ఉంటే, పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు విడిగా నిర్ణయించాలి.